కాల్చని దిష్టిబొమ్మ

నేను పుట్టినప్పుడు ముందు నోరు బయటికొచ్చిందట, కాసేపాగి వెనకాల నేనొచ్చానట. మంత్రసాని కవలలనుకుందని మా అమ్మ ఇంటికొచ్చిన చుట్టానికల్లా చెప్పేది. తొమ్మిదో తరగతిలో మా లెక్కల మాస్టారు నన్ను నిలబెట్టి, "నీ నోటికి చదువెందుకురా, దానికి అప్పుడే ఉద్యోగం దొరికింది కదా" అన్నారు. ఆయన ఎత్తిపొడిచారు. నేను సెలవిచ్చారనుకుని పుస్తకాలు సర్దుకున్నాను. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

నిజానికి ఉద్యోగం దొరికింది నోటికి కాదు, చేతులకి. మా నాన్నది హైదరాబాదులో పరుపుల దుకాణం. దూది కూరడం, కుట్టడం, కూరిన దాన్ని కర్రతో కొట్టి సమం చేయడం నాకు మీసాలు రాకముందే వచ్చేశాయి. మా బస్తీలో ఏ పార్టీకి కోపమొచ్చినా దిష్టిబొమ్మ కోసం మా దుకాణానికే పరుగెత్తుకొచ్చేవాళ్ళు, నా అంత తొందరగా కూరేవాడు చుట్టుపక్కల లేడు కాబట్టి. పొద్దున అధికార పక్షం వాళ్ళకి ప్రతిపక్ష నాయకుణ్ణి చేసిచ్చేవాణ్ణి. మధ్యాహ్నం ప్రతిపక్షం వాళ్ళకి మంత్రిని చేసిచ్చేవాణ్ణి. ఇద్దరి కడుపులోనూ ఒకే గడ్డి.

మా దగ్గర దిష్టిబొమ్మకి ముఖం ఉండదు. ఈ సంగతి తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. పాత చొక్కా, పాత ప్యాంటు, తలకాయ ఉండాల్సిన చోట ఒక గుడ్డ మూట, మెడలో పేరు రాసిన అట్ట, అంతే. కూడలిలో దించి, చెప్పులతో నాలుగు తగిలించి, కిరసనాయిలు పోసి అంటించేస్తారు. పోలీసులు వచ్చి లాక్కునేలోపు సగమన్నా కాలాలి, అదీ పందెం. దాని బతుకే రెండు నిమిషాలు. రెండు నిమిషాలు బతికేదానికి ముక్కూ చెవులూ ఎవడు పెడతాడు? బొమ్మను ఎవరూ చూడరు, పొగను చూస్తారు.

న్యూజిలాండ్‌కి నేను మా ఆవిడ వీసా తోక పట్టుకుని వచ్చాను. ఆమె నర్సు. ఆక్లాండ్‌లో ఆసుపత్రి వాళ్ళు ఆమెను రమ్మన్నారు, సామానుతో పాటు నేనూ వచ్చాను. ఆ ఊరికి దక్షిణాన మనురేవాలో ఇల్లు తీసుకున్నాం. నా ఇంగ్లీషుకి ఎవడు పని ఇస్తాడని మా ఆవిడ దిగులు పడుతుండగా, దగ్గర్లోనే సోఫాలకి కొత్త బట్ట వేసే వర్క్‌షాపు ఒకటి కనపడింది. లోపలికెళ్ళి, మాట్లాడకుండా అక్కడున్న ఒక సీటు విప్పి, కూరి, కుట్టి చూపించాను. పనిలో పెట్టుకున్నారు. నేను మాట్లాడకుండా ఏదైనా సాధించానంటే అదొక్కటే.

ఆ వర్క్‌షాపు ఓనరు ఒక ముసలాయన. డెబ్బై దాటాయి. చలికాలం కూడా నిక్కరు, కాళ్ళకి జాండల్స్ అని వాళ్ళనే హవాయి చెప్పులు, బట్టతల నిండా ఎండకి వచ్చిన మచ్చలు. తనని పేరుపెట్టి పిలవమనేవారు, నా నాలుక తిరిగేది కాదు. 'బాస్' అనేవాణ్ణి. పాతకాలం పనివాడు. చిన్న చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకుని, ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చి, సుత్తి మొనకున్న అయస్కాంతానికి అంటించి కొట్టేవారు. నోట్లో మేకులున్నవాడు మాట్లాడలేడు. అంటే రోజంతా నా ఎదురుగా, పారిపోలేని, అడ్డు తగలలేని శ్రోత. నాలాంటివాడికి స్వర్గం ఇంకెక్కడుంటుంది?

ఆయన యూదు అని చేరిన కొత్తలోనే తెలిసింది. శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళక్క వచ్చేది, జడలా అల్లిన రొట్టె ఒకటి గుడ్డలో చుట్టుకుని. అది యూదుల శుక్రవారం రొట్టె అని బాస్ చెప్పారు. ఆ ముక్క వినగానే నా నోటికి పని దొరికింది. మా వైపు బావ వరసైనవాణ్ణి ఏమైనా అనొచ్చు. తిట్టొచ్చు, వెక్కిరించొచ్చు, పెళ్ళిలో చెప్పులు దాచొచ్చు. వాడు నవ్వి ఊరుకోవాలి, లేదా తిరిగి అనాలి. బాస్‌ని అడక్కుండానే ఆయన్ని బావ వరసలో పెట్టేసుకున్నాను. టీ పొడి ప్యాకెట్టు ఒకటే తెస్తే, "మీ వాళ్ళ సంగతి లోకమంతా తెలుసు కదా బాస్" అనేవాణ్ణి. లైటు ఆర్పమంటే, "అదిగో, రక్తం మాట్లాడుతోంది" అనేవాణ్ణి. పిసినారి యూదుడి జోకులు నాకెక్కడి నుంచి వచ్చాయో చెప్పలేను. మా బస్తీలో ఒక్క యూదుడు లేడు. మా ఊరి నాటకాల్లో, సినిమాల్లో పిసినారి సేటు ఉంటాడు, పెట్టె తాళం మొలతాడుకి కట్టుకుని తిరుగుతాడు. ఆ సేటుకే పేరు మార్చి ఉంటాను. బాస్ పెదాలు మేకుల చుట్టూ కొంచెం కదిలేవి. అది నవ్వనుకున్నాను. అన్నేళ్ళూ నవ్వనే అనుకున్నాను.

రెండువేల తొమ్మిది మొదట్లో గాజా మీద ఇజ్రాయెల్ బాంబులు పడ్డాయి. ఇక్కడ అది నడి వేసవి, జనం సముద్రపు ఒడ్డున సాసేజీలు కాల్చుకుంటున్న రోజులు. టీవీలో మాత్రం దుమ్ము కొట్టుకుపోయిన పిల్లల్ని చేతుల మీద మోసుకుంటూ పరుగెత్తే మనుషులు. నాకు హైదరాబాదు నుంచీ స్నేహితుడు, టాక్సీ నడిపే భాయ్ ఒకడు మనురేవాలోనే ఉండేవాడు. మా దుకాణం ఎదురు సందే వాళ్ళది. వాడు ఆ రోజుల్లో అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోతున్నాడని వాళ్ళావిడ మా ఆవిడతో చెప్పింది. ఒక సాయంత్రం వచ్చాడు.

"శనివారం ఊరేగింపు ఉంది, సిటీల క్వీన్ స్ట్రీట్ల. మనురేవా నుంచి మేం వ్యానులు కడుతున్నం. నువ్వు రావాలె."

"నేనెందుకు భాయ్? నాకు నినాదాలు కూడా ఇంగ్లీషుల రావు."

"నీ నోరెవడికి గావాలె? నీ చేతులు గావాలె. ఆళ్ళ ప్రధానిది బొమ్మ చెయ్యాలె."

ఎన్నేళ్ళయిందో దిష్టిబొమ్మ చేసి. ఒళ్ళు పులకరించిందంటే అబద్ధం కాదు. మర్నాడు వర్క్‌షాపులో బాస్‌కి చెప్పాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను, వాళ్ళ దేశం కదా అని. ఆయన మేకులన్నీ అరచేతిలోకి ఉమ్ముకుని, మెల్లగా అన్నారు: "అది నా దేశం కాదు. నేను పుట్టింది ఇక్కడే, డ్యునీడిన్‌లో. కానీ అక్కడ జరిగేదాంట్లో నా పేరు వాడుకుంటున్నారు. నేనూ వస్తాను."

ఆ శుక్రవారం వాళ్ళక్క రొట్టె తెచ్చినప్పుడు ఊరేగింపు గురించి ఇద్దరికీ మాటలు పెరిగాయి. ఆమెను నేను 'ఆంటీ' అనేవాణ్ణి. మొదట్లో "నేనెవరికి ఆంటీని?" అని అడిగింది గానీ తర్వాత ఒప్పుకుంది. సన్నగా, నిటారుగా, తెల్లటి జుట్టు పొట్టిగా కత్తిరించుకుని ఉండేది. ఆమె రొట్టెను బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుంది.

"వాళ్ళు ఆ దేశంతో మొదలుపెట్టి మన దగ్గరికి వస్తారు. ఎప్పుడూ అంతే."

"అందరూ అలా కాదు."

"కొన్నేళ్ళ కిందట వెల్లింగ్టన్‌లో ఏమైంది? రెండు ప్రభుత్వాలకి ఏదో గొడవొస్తే మనవాళ్ళ సమాధులు పగలగొట్టారు. సమాధుల్లో ఉన్నవాళ్ళు ఏ ప్రభుత్వం నడిపారు?"

"అందుకే నేను వెళ్ళాలి. నేను కనపడకపోతే, మనమంతా ఆ బాంబుల వెనక ఉన్నామనుకుంటారు. ఆ ప్రభుత్వాన్ని తిట్టడం వేరు, మనల్ని అసహ్యించుకోవడం వేరు. ఈ రెండూ ఒకటేనని నువ్వంటే, ఆ ప్రధానీ అదే అంటాడు."

"నీకు అక్కడెవరు తెలుసు?"

బాస్ నా వైపు చెయ్యి చూపించారు. "వాడు తెలుసు. ఇన్నేళ్ళుగా నా పక్కన కూర్చుంటున్నాడు. వాళ్ళ మనుషులే వస్తున్నారు. మంచివాళ్ళు. కావాలంటే నువ్వూ రా, నీ కళ్ళతో చూడు."

ఆమె నా వైపు తిరిగింది. "నా తమ్ముణ్ణి అక్కడ ఎవరైనా ఏమైనా అంటారా?"

ఆ ప్రశ్నలో ఎంత బరువుందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తెలిసిందల్లా ఒక మంచి అవకాశం వచ్చిందని. పొట్ట నిమురుకుంటూ అన్నాను, "ఎవడన్నా ఏమన్నా అంటే నేను అడ్డం నిలబడతాను ఆంటీ. నేను అడ్డం నిలబడితే వెనక బస్సున్నా కనపడదు." బాస్ గట్టిగా నవ్వారు. ఆమె కూడా కొంచెం నవ్వింది. "సరే, వస్తాను," అంది. "చూస్తాను."

బాస్ ఇంటికెళ్ళి పాత కోటు ఒకటి తెచ్చిచ్చారు, బూడిద రంగుది, మోచేతులు అరిగినది. "ప్రధానికి సూటు ఉండాలి కదా," అన్నారు. ఫోమ్ ముక్కలు, గోనె గుడ్డ, ఏం కావాలంటే అది తీసుకోమన్నారు.

బొమ్మను భాయ్ వాళ్ళ గరాజులో చేశాను. నలుగురు కుర్రాళ్ళు, భాయ్, నేను. ఒళ్ళు కూరడం క్షణాల్లో అయిపోయింది. కోటు తొడిగాను. గుడ్డ మూట తలకాయ పెట్టాను. "కిరసనాయిలు ఎవరు తెస్తున్నరు?" అన్నాను.

భాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఇక్కడ మంట పెట్టనియ్యరంట. పోలీసోళ్ళతోని మాట్లాడిన్రు."

"మరి బొమ్మనేం జెయ్యాలె?"

"మోసుకుని నడవాలె."

"ఎంత దూరం?"

"క్వీన్ స్ట్రీట్ మొత్తం."

నా జీవితంలో నా బొమ్మ ఏదీ అంత దూరం నడవలేదు. అంతసేపు బతకాలంటే దానికి ముఖం కావాలి. కుర్రాళ్ళు కంప్యూటర్లో ఆ ప్రధాని ఫోటో చూపించారు. ఏముంది అందులో? మామూలు మనిషి, పక్కకి దువ్విన జుట్టు, రిటైరైన పోస్టుమాస్టరులా ఉన్నాడు. ఫోమ్ మీద అలాగే గీశాను. కుర్రాళ్ళు చూసి, "ఇదెవరన్నా, మీ మామనా?" అన్నారు. అందరూ నవ్వారు, బొమ్మను చూసి కాదు, నన్ను చూసి. "అట్ట మీద పేరు రాస్తా" అన్నాను. "ఎవడు చదువుతడు? దూరంకెల్లి చూస్తే తెలియాలె" అన్నాడు భాయ్.

నేను నవ్వించేవాణ్ణి. నవ్వులపాలైతే నాకు చెయ్యి నిలవదు. ఫోమ్ కోసే రంపం తీసుకుని ముక్కు చెక్కాను, కొడవలిలా వంచి, పై పెదవి దాకా. కుర్రాళ్ళు ఈలలేశారు. వర్క్‌షాపు నుంచి తెచ్చిన సంచిలో పాత కుర్చీల్లోంచి తీసిన గుర్రపు వెంట్రుకలున్నాయి, చుట్టలు చుట్టలుగా. రెండు చుట్టలు తీసి చెవుల పక్కన వేలాడదీశాను. ఎక్కడో కార్టూన్‌లో యూదుణ్ణి అలా గీయగా చూసిందే. పగలబడి నవ్వారు. నల్ల టోపీ పెట్టాను. చేతిలో గుడ్డసంచి పెట్టి దాని మీద డాలరు గుర్తు వేశాను. భాయ్ కూడా, ఎన్నాళ్ళకో, నవ్వాడు. వాడు నవ్వినందుకు నాకు ఎంత సంతోషం వేసిందో. ఆ మధ్యలో ప్రధాని ఎక్కడ పోయాడో ఎవరమూ చూసుకోలేదు. సూటు ఒక్కటే మిగిలింది, అదీ బాస్‌ది.

శనివారం క్వీన్ స్ట్రీట్ నిండిపోయింది. పిల్లల్ని తోపుడు బండ్లలో పెట్టుకొచ్చిన తెల్లవాళ్ళు, చర్చి వాళ్ళు, యూనివర్సిటీ పిల్లలు, బురఖాల్లో పెద్దవాళ్ళు. మైకులో ఎవరో పదే పదే చెప్తున్నారు, మన కోపం ఆ ప్రభుత్వం మీదా, యూదులకి అక్కడ దేశం కావాలన్న జియోనిజం మీదా, అంతేగానీ యూదుల మీద కాదని. వెదురు కర్ర మీద నా బొమ్మ ఆ మైకు పక్కనుంచే వెళ్ళింది. నేను కర్ర ఆడిస్తూ, మా దగ్గర దొంగ శవయాత్రల్లో ఏడ్చినట్టు, గుండెలు బాదుకుంటూ తెలుగులో రాగం తీశాను. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు, అందరూ నవ్వారు. ఫోటోలు తీసుకున్నారు. ఇక ఆగుతానా? బొమ్మ ముక్కుతో పక్కవాళ్ళ భుజాలు తాకిస్తూ, డబ్బుసంచి ఆడిస్తూ నడిచాను.

ఒక బట్టల షాపు ముందు బాస్ నిలబడి ఉన్నారు. ఆ రోజు నిక్కరు కాదు, ప్యాంటు వేసుకున్నారు. చేతిలో అట్ట. తాను యూదునని, ఈ యుద్ధం తన పేరు మీద వద్దని పెద్దక్షరాలతో రాసుకున్నారు. పక్కన వాళ్ళక్క. నేను దూరం నుంచే చెయ్యి ఊపాను. ఆయనా ఊపబోయారు. అప్పుడు పైకి చూశారు.

ఆయన ముఖం గురించి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. కోపమైతే రాసేవాణ్ణి. ఆయన తన అట్టను మెల్లగా దించి, రాసిన వైపు తన కాళ్ళ వైపు తిప్పుకున్నారు. పరాయివాళ్ళ పెళ్ళికి పొరపాటున వచ్చినవాడు కార్డు దాచుకున్నట్టు. అంతే నేను చూసింది.

వాళ్ళక్క బొమ్మ దగ్గరికి వచ్చింది. నా వైపు చూడలేదు. కోటు అంచు పట్టుకుని, లోపలి కుట్టు చూసింది. "ఇది నేను కొన్నది," అంది. ఎవరితోనో కాదు, కోటుతో అన్నట్టు. తర్వాత తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ జనానికి ఎదురుగా, ఆ పక్కకీ ఈ పక్కకీ దారిచ్చుకుంటూ వెళ్ళిపోయారు. ఎవడన్నా ఏమన్నా అంటే అడ్డం నిలబడతానన్నవాణ్ణి బొమ్మ మోస్తున్నాను.

నా పక్కనే నడుస్తున్న ఒకావిడ ఇదంతా చూసింది. నలభై ఏళ్ళుంటాయి, మెడలో నలుపు తెలుపు గళ్ళ కండువా. ఆమె పాలస్తీనా మనిషి అని తర్వాత తెలిసింది. ఆమె కర్ర పట్టుకుని ఆపింది.

"ఇదెవరు?"

"ప్రధాని."

"ఆయన్ని నేను పదిహేను రోజులుగా టీవీలో చూస్తున్నాను. ఇది ఆయన కాదు. ఎవరిది?"

నేను నవ్వబోయాను. నాకు వేరే ఏం తెలుసు?

"మా చెల్లెలు గాజాలో ఉంది, ఫోన్ ఎత్తడం లేదు," అంది. "నేను దాని కోసం వచ్చాను. ఆ ముసలాయనా దాని కోసమే వచ్చాడు. ఆయన్ని పంపించేశావు. రేపు అందరూ దీని ఫోటో చూస్తారు, మా చెల్లెలి గురించి ఎవరూ మాట్లాడరు." చేత్తో ముక్కు పట్టుకుని లాగింది. నా కుట్టు గట్టిది, ఊడి రాలేదు. నేనే కర్ర దించి, పక్క సందులోకి తీసుకెళ్ళి, టోపీ, ముక్కు, జుట్టు పీకి చెత్తడబ్బాలో వేశాను. కోటు వెయ్యలేకపోయాను. చంకలో పెట్టుకుని బస్సెక్కాను.

భాయ్ ఆ రాత్రే ఫోన్ చేశాడు. "నువ్వేం తప్పు జేసినవ్ రా? ఆళ్ళు పిల్లల్ని సంపుతుంటే మనం ముక్కు గురించి ఏడ్వాలెనా? మనం జియోనిస్టుల మీద కోపంగున్నం, యూదుల మీద కాదు. పొద్దుగాల నుంచి మైకుల అదే చెప్పిన్రు గదా."

"మైకుల చెప్పిన్రు భాయ్. కర్ర మీద నేను వేరే చెప్పిన."

"నాక్కూడ నవ్వొచ్చింది," అన్నాడు వాడు, ఎవరినో తిడుతున్నట్టు. ఫోన్ పెట్టేశాడు.

వాడి మాటలో పిల్లలు చనిపోతున్నారన్న సగం నిజమే. నా ముక్కు తప్పన్నదీ నిజమే. ఒకటి రెండోదాన్ని కొట్టెయ్యదు. ఇంత చిన్న వాక్యం నా బుర్రలోకి రావడానికి ఎన్నేళ్ళో పట్టింది.

ఆ గళ్ళ కండువా ఆవిడ చెప్పినట్టే మర్నాడు ఫోటో బయటికొచ్చింది. మా తెలుగువాళ్ళ పిక్నిక్‌లో ఒకాయన లాప్‌టాప్‌లో చూపించాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం, మాట తియ్యన, అందరినీ 'గారూ' అనేవాడు. బిర్యానీ ప్లేటు పట్టుకుని నేను వెనక నిలబడ్డాను. ఫోటోలో బొమ్మ ఉంది, నా ముఖం కర్ర వెనకపడి కనపడలేదు.

"చూశారాండీ, ఈ సాయిబుల సంస్కారం? ఇందుకే ఇజ్రాయెల్ వాళ్ళు చేసేది రైటంటాను. మనవాళ్ళూ అలా ఉండాలండీ." మళ్ళీ ఫోటో దగ్గరికి వంగి, ఫక్కున నవ్వాడు. "బొమ్మ మాత్రం బలే కుదిరిందండోయ్. ఆ డబ్బుసంచి చూడండి, పిసినారి వెధవలు."

ఇజ్రాయెల్ భక్తుడూ గరాజులో కుర్రాళ్ళు నవ్విన నవ్వే నవ్వాడు. నాకు అది వినపడింది. ఆ బొమ్మ చేసింది సాయిబులు కాదండీ, నేను, నుదుట బొట్టు పెట్టుకుని వారానికోసారి గుడికెళ్ళే నేను, అని చెప్పడానికి ఒక్క క్షణం చాలు. పుట్టినప్పటి నుంచీ నాకన్నా ముందుండే నా నోరు ఆ రోజు బిర్యానీ నములుతూ కూర్చుంది. భాయ్ వాళ్ళావిడ ఇచ్చిన మసాలాతోనే మా ఆవిడ ఆ బిర్యానీ వండింది. బొమ్మ చేసినందుకన్నా, ఆ పూట ఊరుకున్నందుకు నాకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

సోమవారం వర్క్‌షాపుకి వెళ్తే పనిలోంచి తీసేస్తారనుకున్నాను. తియ్యలేదు. బాస్ నేను తలుపు తీసేసరికే మేకులు నోట్లో పోసుకుని ఉన్నారు. మధ్యాహ్నం దాకా తీయలేదు. టీ వేళ కూడా తీయకపోతే ఏం చెయ్యాలో తోచక నేనే కోటు మడిచి ఆయన బల్ల మీద పెట్టాను. ఉతికి ఇస్త్రీ చేయించాను. ఆయన దాన్ని చూసి, మేకులు అరచేతిలోకి ఉమ్మారు.

"ఆ ప్రభుత్వాన్ని తిట్టడం వేరు, మమ్మల్ని అసహ్యించుకోవడం వేరని మా అక్కతో ఎన్నో ఏళ్ళుగా వాదిస్తున్నాను," అన్నారు. "ఇప్పటికీ వేరేననుకుంటున్నాను. కానీ ఇక ఆమెతో వాదించలేను. ఆమె ముందు నేను చూపించిన సాక్షివి నువ్వే."

"బాస్, నేను జోకు కోసం..."

"తెలుసు. నువ్వు ప్రతిరోజూ జోకు కోసమే అంటావు. నేను ప్రతిరోజూ వింటాను." కోపంగా కూడా అనలేదు. మేకులు మళ్ళీ నోట్లో పోసుకున్నారు. ఆయన పెదాలు కదలడం అప్పుడు, మొదటిసారి, సరిగ్గా చూశాను. అది నవ్వు కాదు. మేకు గుచ్చుకోకుండా సర్దుకోవడం.

తర్వాత వారాల్లో ఇంకా ఊరేగింపులు జరిగాయి. బాస్ దేనికీ వెళ్ళలేదు. వాళ్ళక్క చెప్పినట్టు ఇంట్లో ఉన్నారు, అలాగని ఆమె వైపు చేరిందీ లేదు. టీవీలో గాజా వస్తే కట్టేసేవారు. నిలబడడానికి ఆయన వెతుక్కున్న చోటు ఆ ఫుట్‌పాత్ మీద అంత మాత్రమే, దాన్ని నేను లాగేశాను.

శుక్రవారాలు ఆమె రొట్టె తేవడం మానలేదు. నాకు మాత్రం ముక్క కోసి ఇవ్వడం మానేసింది. ఒక శుక్రవారం ఆమె కారు దాకా వెనకే వెళ్ళాను. చెప్పాల్సింది ఇంట్లో మా ఆవిడ ముందు ఇంగ్లీషులో వల్లె వేసుకున్నాను. తీరా నిలబడ్డాక మొదట నోట్లోంచి వచ్చింది, అలవాటు కొద్దీ, ఒక జోకే: "ఆంటీ, నాకు ముఖాలు చెయ్యడం రాదు, ఏ ముఖం చేసినా మా మామలా వస్తుంది." ఆమె తాళంచెవి వెతుక్కుంటూ ఉండిపోయింది. ఆ జోకు మా ఇద్దరి మధ్య రోడ్డు మీద పడి ఉంది, ఎవరూ ఎత్తలేదు.

"సారీ ఆంటీ," అన్నాను. "ఆ కోటు వల్ల మీరు వేరేగా అనుకుంటున్నారేమో. అది బాస్ ఇచ్చింది, అందుకే తొడిగాను. ముఖం మాత్రం మీ తమ్ముణ్ణి చూసి చెయ్యలేదు. మా అమ్మ మీద ఒట్టు."

ఆమె కారు తలుపు తీసి, లోపల కూర్చుని, అద్దం దించింది.

"ఆ సంగతి నాకు తెలుసు," అంది. "ఇన్నేళ్ళు రోజూ వాడి పక్కనే కూర్చున్నావు. ఒక్కసారి వాణ్ణి చూసి ఉంటే, ఆ ముఖం అలా వచ్చేది కాదు."